ఎండిన చెరువులో రింగాట

సముద్రం ఉండేవాళ్ళు సముద్రం ఒడ్డుకు పోతారు. మాకుండేది ఎండిపోయిన చెరువు. మేము దాంట్లోకే దిగుతాం. ఇందులో అయ్యో పాపం అనేదానికి ఏముండాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ మాట మా చెల్లెలి మీద కోపంతో చెప్తాండా. దాన్ని విశాఖపట్నం శివార్లలో ఇచ్చినాం. వాళ్ళ కాలనీ దాటితే సముద్రమే. సాయంత్రమైతే చాలు, మొగుడూ పెళ్ళామూ ఇసకలో నడుచుకుంటా పోయి నాకు వీడియో కాల్ చేస్తారు. "అక్కా, అలలు చూడు! పాపం, మీకు అనంతపురంలో సాయంత్రం పూట పోయేదానికి ఏముంటాదిలే" అంటాది. ఆ 'పాపం' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది. "ఏమే, నువ్వు పుట్టింది యాడ? ఆకాశంలో నుంచి ఊడిపడినావా?" అని ఫోను పెట్టేస్తాంటి.

మాది అనంతపురం చివరాఖర్లో ఉండే కాలనీ. ఇండ్లు అయిపోతానే చెరువు కట్ట. కట్ట దిగితే చెరువు. చెరువంటే నీళ్ళుంటాయని మా కాలనీ పిల్లలకు తెలీదు, వాళ్ళకు చెరువంటే గ్రౌండు. పొద్దున్నే స్కూటీ నేర్చుకునే ఆడపిల్లలు, సాయంత్రం క్రికెట్టు, ఒక పక్క బొరుగుల బండి, ఇంకో పక్క నడిచేవాళ్ళు. కాలనీ కమిటీవాళ్ళు చందాలేసుకుని చెరువు నడిమధ్యలో సిమెంటు అరుగు కూడా కట్టించినారు. దానికి పచ్చరంగు వేయించి, మొగోళ్ళంతా దానిమీద కూచుని లోకాన్ని ఉద్ధరిస్తాంటారు. చెరువులో అరుగు కడతాండారే, నీళ్ళొస్తే ఎట్లప్పా అని ఒక్కడన్నా అడిగినాడా? అడగలే. నేనూ అడగలే. నీళ్ళొస్తాయనే మాటే మాకెవురికీ తట్టలే. ఇంకో సీమలో ఇట్లాంటి పని చేస్తే పిచ్చోళ్ళంటారు.

నా మొగుడు లారీ తోలుతాండె. ఒకనాడు బండి నిలబెట్టి ఇంట్లోకొచ్చి, నీళ్ళడిగి, నేను చెంబు తెచ్చేలోపలే పోయినాడు. ఆ తర్వాత నేను కుట్టుమిషను ముందర కూచున్నదాన్ని లేవలే. కాలనీలో ఆడోళ్ళ రవికలన్నీ నేనే కుడతా. పెండ్లి రవికలు కుట్టేదానికి పనికొస్తా, పెండ్లి పందిట్లోకి మాత్రం పనికిరాను. వీధిలో ఎవురన్నా మంచి పనిమీద పోతాంటే నేనే తలుపు చాటుకు జరగల్ల. గట్టిగా నవ్వితే చూపులు. యాభై దాటినదాన్ని, ఇంక నా బతుకు ఈ మిషనూ ఈ గోడా అనుకున్యా.

అప్పుడు రింగు వచ్చింది. బళ్ళో మధ్యాహ్నం అన్నం వండే అక్క మా వీధే. ఒకనాడు ఎర్ర రబ్బరు రింగు తెచ్చి నా మిషను మీద పెట్టింది. "బడి బీరువా సర్దుతాంటే దొరికింది. పారేస్తామన్యారు, తెచ్చినా. నువ్వు చిన్నప్పుడు ఆడేదానివి గదా" అనింది.

ఆడేదాన్నే. బళ్ళో దాన్ని టెన్నికాయిట్ అంటారు, మాకు రింగాట. పట్టిన చేత్తోనే విసరల్ల, రెండో చెయ్యి ముట్టగూడదు, రింగు వంకర్లు పోకుండా సాపుగా తిరుగుతా పోవల్ల. ఆ రింగు చేతికి తగులుతానే మణికట్టుకు అన్నీ గుర్తొచ్చినాయి. ఆ పొద్దే ఇద్దరం చెరువులో దిగి విసురుకున్యాం. నాకు ఆయాసమొచ్చింది, చెమట కారింది, పాత మోకాలు పట్టేసింది. ఓయమ్మా, ఎంత బాగుండాదో! అన్నేండ్లకు నా ఒళ్ళు నాకు దొరికినట్లు అనిపించింది.

నలుగురైతే జతలుగా ఆడొచ్చని ఎదురింటి ఆపాను పిలిచినాం. ఆమె మొగుడు బోరుమోటార్లకు వైండింగు చేస్తాడు. ఆపా ముందు "నాకేమి పిచ్చా" అనింది, మర్నాడే బురఖా పైకి కట్టుకుని వచ్చేసింది. నాలుగో మనిషి మూలింటి కొత్త కోడలు. వాళ్ళత్తకు పాలు తెస్తానని చెప్పి వస్తాండె, పాలప్యాకెట్టు గట్టున పెట్టి ఆడుతాండె. కట్ట పక్కనే రెండు వెదుర్లు పాతి, పాత దోమతెర కట్టి, ముగ్గుపిండితో గీతలు గీసినాం. రోజుకు ఒక గంట. ఆ గంట కోసం నేను పొద్దున్నుంచి రవికలు పరపరా కుట్టేస్తాంటి.

మా చెరువు కట్ట కిందనే నా మొగుడి మేనమామ ఇల్లు. కమిటీకి పెద్దాయనే. నేను మామా అని పిలుస్తా. ఆయనకు ఊరవతల నాలుగెకరాల చేను ఉండాది. ఆ ఏడు తొలకరికి చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసినాడు. వేసింది మొలిచింది, మొలిచింది పూత పట్టింది, ఆపైన మేఘమే లేదు. చేనంతా మాడి పుల్లలైపోయింది. ఆయన బాధ నాకు తెలీక కాదు. కానీ ఆ బాధను తెచ్చి నా నెత్తిన పోసినాడు.

ఒక సాయంత్రం మేము ఆడుతాంటే అరుగు మీద నుంచి లేచి వచ్చినాడు, యెనకాల నలుగురు. నన్ను చూసి "ఏమ్మే, మొగుడు పోయినదానివి, చెరువుతల్లి ఎదమీద ఇట్ల ఎగురుతాంటే వాన యాట్నుంచి వస్తాది? నీకు సిగ్గు ల్యాకపోతే మాకుండాది. రేపట్నుంచి ఈ ఎగరడం ఆపెయ్" అన్యాడు.

నాకు నోట మాట రాలేదు అని రాస్తే బాగుంటాదేమో. కానీ వచ్చింది. "ఏమి మామా, మొగపిల్లోళ్ళు పొద్దస్తమానం ఈడనే దూకుతాండారే, వాళ్ళ కాళ్ళు చెరువుతల్లికి మెత్తగా ఉండాయా? మీ అరుగు బరువు తగలలేదా ఆ తల్లికి? నా కాళ్ళే తగిలినాయా?" అన్యా. "నోరు చూడు దీనికి" అన్యారు యెనకాల ఎవురో. "నోరు నాదే, కాళ్ళూ నావే. రేపు కూడా వస్తా" అని చెప్పి రింగు ఎత్తుకుని ఇంటికొచ్చేసినా.

ఇంటికొచ్చి మిషను మీద తల పెట్టుకుని బోరుమని ఏడ్చినా. నిజంగానే నా వల్లనే వాన పడలేదేమో అని రవ్వంతసేపు అనిపించింది. తెల్లటి ఆకాశం, మాడిపోయిన చెనిక్కాయ, నేను. అట్ల అనిపించినందుకు నాకు మామ మీద కంటే నామీదనే ఎక్కువ కోపమొచ్చింది. ఈ ఒక్క గంట వదులుకుంటే మళ్ళా తలుపు చాటుకే పోతానని నాకు బాగా తెలుసు. వదలకూడదు అనుకున్యా.

మర్నాడు పోయి చూస్తే మా గీతల నిండా కంప కొట్టి పరిచినారు. వెదుర్లు పీకి పారేసినారు. ఎవురు చేసినారంటే ఎవురూ చెప్పరు, అరుగు మీద అందరూ ఆకాశం చూస్తాండారు. నేను ఇంటికి పోయి రవిక గుడ్డల పేలికలు సంచినిండా తెచ్చినా. నలుగురం చేతులకు చుట్టుకుని ఆ కంపంతా లాగి పక్కన పడేసినాం. కొత్త కోడలి కాల్లో ముల్లు విరిగింది. ఆపా కూచుని సూదితో తీసింది, తీస్తా అరుగుకు వినపడేటట్లు ఆ కంప కొట్టినోళ్ళ చేతులు పడిపోనూ అని తిట్టింది. మళ్ళా వెదుర్లు పాతినాం, మళ్ళా ముగ్గు పోసినాం. చీకటి పడేదాకా ఆడినాం. అంత కసిగా ఎప్పుడూ ఆడలే.

అట్ల రోజూ పోతానే ఉండాం. కొందరు రవికలు కుట్టించుకునేది మానేసినారు. మానుకోండి పోండి అన్యా. మామ వీధిలో కనపడితే మొగం తిప్పుకుంటాండె. ఆయన పెండ్లాం, మా అత్త, మాత్రం సాయంత్రమైతే మిద్దెమీద కూచుని మా పక్కే చూస్తాండె. మొగుడి తరపున కాపలా కాస్తాందేమో అనుకుంటాంటి.

ఆపైన వాన వచ్చింది. దీపావళి దాటినాక పట్టుకున్న వాన, విడవలే. పైన చెరువులు నిండి, అలుగు దాటి మరవ పారి, వంకలన్నీ ఎర్రగా ఉరుకుతా వచ్చి మా చెరువులో పడినాయి. కాలనీ కాలనీ గొడుగులేసుకుని కట్టమీద నిలబడింది. పిల్లోళ్ళు నోరు తెరుచుకుని చూస్తాండారు, వాళ్ళ గ్రౌండులోకి ఇన్ని నీళ్ళు యాట్నుంచి వచ్చినాయో తెలీక. మా వెదుర్లు మునిగినాయి. మొగోళ్ళ పచ్చ అరుగూ మునిగింది, దాని వీపు ఒక్కటి కాసేపు కనపడి అదీ పోయింది. నేను ఏడుస్తా నవ్వినా. నా కోర్టు పోయింది. కానీ చూడండప్పా, వాన పట్టిన ముందురోజు సాయంత్రం దాకా నేను ఎగురుతానే ఉండా, అయినా వాన వచ్చింది గదా! ఇప్పుడు మాట్లాడు మామా, అనల్లనిపించింది. ఆయన గొడుగు కింద నన్ను చూసి తలకాయ దించుకున్యాడు.

చెరువు నిండితే గంగమ్మకు చీర పెట్టేది మా పక్క ఆనవాయితీ. పసుపుగుడ్డలో చీర, గాజులు, పసుపు కుంకుమ, బరువుకు ఒక కొబ్బరికాయ పెట్టి మూటకట్టి కట్టమీద నుంచి నీళ్ళలోకి విసరల్ల. కట్టకు ఏటవాలుగా రాళ్ళు పరిచి ఉంటారు. మూట ఆ రాళ్ళు దాటి లోతులో పడల్ల. రాళ్ళ మీద పడితే గంగమ్మ ఒల్లలేదని, చెరువు నిలవదని అంటారు. విసిరేది ముత్తయిదువే. ఆ పొద్దు తప్పెట్లు కొట్టుకుంటా కాలనీ అంతా వచ్చింది. అన్నం వండే అక్క, కొత్త కోడలు, ఇంకో ముగ్గురు హారతి తట్టలు పట్టుకున్యారు. నేను ఆపా పక్కన, అందరికంటే యెనకాల నిలబడినా.

మామ మూట తీసి కొత్త కోడలికి ఇయ్యబోయినాడు. నీళ్ళ మీదనుంచి గాలి ఎదురు కొడతాండాది. ఆ పిల్ల మూటను చూసింది, రాళ్ళను చూసింది. "నాకు చేత కాదు తాతా. మాలో బాగా విసిరేది అక్కే" అని నా పక్క చెయ్యి చూపించింది. తప్పెట్లు ఆగిపోయినాయి. "ఆమె ఎట్ల విసురుతాది? ఏమి మాటలమ్మా అవి!" అన్యాడు మామ. అన్నం వండే అక్క గమ్మున తట్ట కింద పెట్టేసింది. కొత్త కోడలూ పెట్టేసింది. వాళ్ళత్త అందరి ముందర గిల్లినా మళ్ళా ఎత్తలే.

అప్పుడు మా అత్త వచ్చింది. మెల్లగా జనాన్ని తోసుకుంటా వచ్చి, మొగుడి చేతిలో నుంచి మూట తీసుకునింది. "నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఇదే కట్ట మీద నుంచి నేనే విసిరినా" అనింది, అందరికీ వినపడేటట్లు. "రాళ్ళమీద పడింది. అప్పట్నుంచి ఏ కరువొచ్చినా ఈయప్ప నన్నే అంటాండాడు. నీ చెయ్యి మంచిది కాదు, నీ వల్లనే అని. అన్నం పెడతాంటే కూడా అన్యాడు. పుణ్యస్త్రీ చెయ్యేగదా అది? ఏమి జరిగె?" అత్త నా దగ్గరికొచ్చి మూట నా చేతుల్లో పెట్టింది. "మిద్దెమీద నుంచి రోజూ చూస్తాండా మే. ఈ గాలిలో ఈ మూట దాటించేది నీ చెయ్యే. ఇసురు" అనింది.

అన్నేండ్లు తలుపు చాటుకు జరిగినదాన్ని, ఊరంతా చూస్తాంటే కట్ట అంచుకు పోయి నిలబడినా. కొంగు నడుముకు దోపుకున్యా. మూటముడి పట్టుకుని, రింగును తిప్పినట్లే మణికట్టు తిప్పి, ఒళ్ళంతా కలిపి వదిలినా. గాలిని కోసుకుంటా పోయింది. రాళ్ళు దాటింది, గడ్డి దాటింది, మా వెదుర్లు మునిగిన తావు దాకా పోయి బుడుంగుమని పడింది. అత్త ఒక్క కేక వేసింది. ఆ కేకకు తప్పెట్లు మళ్ళా మొదలైనాయి.

అందరూ నీళ్ళకు మొక్కుతాంటే నేను మామ ముందరికి పోయినా. "మామా, మా కోర్టు మునిగిపోయింది. మీ ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఉండాది. సాయంత్రం వచ్చి వెదుర్లు పాతుతాం" అన్యా. అడగలే, చెప్పినా. ఆయన నోరు తెరిచేలోపలే అత్త "ఆడ పల్లేరుకాయలుండాయి, మధ్యాహ్నం నేను ఊడ్చి పెడతా. నాకూ నేర్పించండి" అనింది.

ఆ సాయంత్రం అత్త రెండు చేతులా రింగు పట్టుకుంటాంటే మేము నలుగురం అరుస్తాండాం. అప్పుడు ఫోను మోగింది. మా చెల్లెలే, సముద్రం ఒడ్డు నుంచి. "అక్కా, ఈ పొద్దు అలలు చూడు, ఎంత పెద్దవో..."

"రేపు చూస్తాలే పెట్టు" అన్యా. "ఆటలో ఉండా."