వరండాలో మూడోవాడు

2025 జూలైలో గుంటూరులోని ఒక లా కాలేజీ వాళ్లు మాక్ ట్రయల్ పెట్టుకున్నారు. విద్యార్థులే జడ్జీలు, లాయర్లు అయి నడిపే ఉత్తుత్తి విచారణ అది. నరసరావుపేట కోర్టులో ముప్పై ఏళ్లు స్టెనోగా పనిచేసి రిటైరైన నన్ను, వాంగ్మూలం రాసుకునే పద్ధతి పిల్లలకు చూపించమని పిలిచారు. మా ఆవిడ పోయి అప్పటికి ఐదు నెలలు. ఇంట్లో కూర్చోలేక ఒప్పుకున్నాను.

వాళ్లు ఎంచుకున్నది దక్షిణ కొరియా కేసు. అక్కడ ఒక ప్రాసిక్యూటర్ మాజీ అధ్యక్షులను జైలుకు పంపి పేరు తెచ్చుకున్నాడు. ఏ ఎన్నికలోనూ నిలబడి ఎరగనివాడు నేరుగా దేశాధ్యక్షుడయ్యాడు. తర్వాత ఒక రాత్రి సైనిక పాలన ప్రకటించి, కొన్ని గంటలకే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పదవి పోయింది. ఇప్పుడు తానే నిందితుడు.

ఆ నిందితుడి పాత్ర, నాలాగే పిలిస్తే వచ్చిన హనుమంతరావు గారిది. మా కోర్టులో ఆయన పీపీ, అంటే ప్రభుత్వం తరఫున వాదించే లాయరు. ఆ మధ్యే రాజీనామా చేసి ఒక పార్టీలో చేరబోతున్నారు. కొరియా ఆయన గెలిచిన రోజు కోర్టంతా స్వీట్లు పంచిన మనిషి.

"ఏం ప్రసాదూ, మీ పీపీ బోనులో ఎట్టా ఉన్నాడు?" అన్నారు నవ్వుతూ.

"మీ కడుపుకి కాస్త ఇరుకైందండీ."

"టికెట్ చేతికి రానియ్యి, వెడల్పు చేయిద్దాం."

ప్రాసిక్యూటర్ వేషం వేసింది వినుకొండ అమ్మాయి. కాగితం చూసి అడిగింది. "అంతమందిని జైలుకు పంపారు గదా. వాళ్లలో ఒక్కరైనా తప్పు చేయలేదేమోనని ఎప్పుడూ అనిపించలేదా అండీ?"

ఆయన చేతిలోని కాగితంలో "లేదు" అని ఉంది. ఆయన దాన్ని మడిచారు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కిటికీలోంచి మిర్చి ఘాటు వచ్చింది. ఎవరో దగ్గి ఊరుకున్నారు.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. అది వాదించే గొంతు కాదు. బోనులో సాక్షులు చెప్పే తీరు. ఒక వాక్యం చెప్పి, నా పెన్సిల్ ఆగేదాకా ఆగి, ఇంకో వాక్యం.

"వినుకొండ జిన్నింగ్ మిల్లు వాచ్‌మన్ హత్య కేసు. ముద్దాయి..."

ఆయన పేరు చెప్పకముందే నా చెయ్యి షార్ట్‌హ్యాండ్‌లో యేసోబు అని రాసేసింది.

"సాక్షి కోటమ్మ. చీకట్లో ఎవరినీ గుర్తుపట్టలేదని నాతో చెప్పింది. కోర్టు వరండాలో నిలబెట్టి, లోపల బోనులో ఉండే నీలం చొక్కావాణ్ణి చూపించమన్నాను. చూపించింది. యేసోబుకు యావజ్జీవం పడింది. పదకొండేళ్లయింది. ఇంకా లోపలే ఉన్నాడు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. "సార్ ఇరగదీశారు," అన్నాడొకడు.

హాలు ఖాళీ అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చారు. "ఆ పుస్తకం ఇటియ్యి. నాటకమేగా."

"ఇస్తానండీ. చదివి వినిపించాక."

వాంగ్మూలం ఏదైనా చెప్పినవాడికి చదివి వినిపించాలి. సరిగా ఉందని అతను సంతకం పెట్టాలి. అది కోర్టు పద్ధతి. అక్కడ అది అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. ఆ మాటలు బయటికి వెళితే ఆయనకు టికెట్ రాదని, వెళ్లకపోతే యేసోబు బయటికి రాడని కూడా తెలుసు.

చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"ఒక మాట వదిలేశావు."

"లేదండీ. అంతా రాశాను."

"వరండాలో మూడోవాడు ఉన్నాడని చెప్పాను. నువ్వు వినలేదా?"

అందరూ వెళ్లినా వినుకొండ అమ్మాయి ఇంకా కాగితాలు సర్దుకుంటోంది. విచారణంతా తన ఫోన్లో ఉందని చెప్పి వినిపించింది. 'చూపించింది' అన్న మాటకు ముందు ఆయన గొంతు స్పష్టంగా ఉంది: "స్టెనో ప్రసాదు పక్కనే ఉన్నాడు. అంతా విని, తల వంచుకుని లోపలికి వెళ్లాడు." ఆ తర్వాత ఆయన ఆగారు. ఆ నిశ్శబ్దంలో నా పెన్సిల్ గీస్తున్న చప్పుడు వినిపించింది.

పుస్తకంలో ఆ వాక్యం లేదు. ఖాళీ కూడా లేదు. పైమాట, కిందిమాట ఆనుకునే ఉన్నాయి.

"రాయి," అన్నారాయన.

రాశాను. ఆయన సంతకం పెట్టారు. కింద నేను పెట్టాను.

"నా సంగతి సరేనయ్యా. నీ పెన్షన్‌కి ఎసరొస్తుందేమో, ఇంట్లో ఒక మాట అడుగు."

"అడగటానికి ఎవరూ లేరండీ."

ఆ తర్వాత ఇద్దరం ప్రమాణ పత్రాలు రాసి యేసోబు భార్య తరఫు లాయరుకు ఇచ్చాం. టికెట్ వేరే వాళ్లకు వెళ్లింది. హైకోర్టులో విచారణ ఇంకా తేలలేదు.

చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పని అనుకుని ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నాను. చెయ్యి రాస్తున్నట్టే ఉండి రాయకుండా ఉండగలదని ఆ రోజు తెలిసింది. నేను రాసిన వాంగ్మూలాలన్నీ రికార్డు రూములో కట్టలు కట్టి ఉన్నాయి. వాటిలో ఏమేం లేవో నాకు తెలియదు.