బుడే బండీ, అమానుల్లా పేరూ

మా ఆయన బుడే కుదురుగా ఒకచోట కూర్చోగా నేను చూడలేదు. అన్నం మధ్యలో లేచి వెళ్లి గేటు దగ్గరున్న బండిని చూసొస్తాడు. పాతికేళ్ల నాటి వంద సీసీ బండి. దాని మీదే ఊళ్లు తిరిగి జనాల పాత పరుపులు తెస్తాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మిషను మీద దూది ఏకుతాడు, నేను పరుపు కుడతాను, మళ్లీ ఆ బండికే కట్టి ఇచ్చొస్తాడు. మేం దూదేకులవాళ్లం. మా ఇంట్లో కూరలోంచి కూడా దూది నూగు తీసి పక్కన పెట్టి తింటాం.

ఈ మిరపకోతల్లో బండికి రోగం పట్టింది. పెట్రోలు ట్యాప్ తిప్పితే చాలు, కార్బొరేటరు కింది గొట్టంలోంచి పెట్రోలు కారేది. కిక్కు కొట్టి కొట్టి మా ఆయన పిక్కలు పట్టేసేవి. స్టార్టయినా నల్లపొగ. ప్లగ్గు విప్పితే తడిసి ముద్దయి ఉండేది. ఆ కంపు పరుపుకి పట్టిందంటే ఇక మా పని అయిపోయినట్టే. పెట్రోలు వాసనొచ్చే పరుపు మీద ఎవరు పడుకుంటారు చెప్పండి.

బస్టాండు పక్కన అమానుల్లా మెకానిక్ షెడ్డు. అతనూ మా ఆయనా ఒకే బెంచీ మీద చదివి ఒకే రోజు బడి మానేసినవాళ్లు. అతను కార్బొరేటరు విప్పి, లోపలి ఫ్లోటుని చెవి దగ్గర ఊపి చూశాడు. దానికి చిల్లుపడితే లోపల పెట్రోలు గలగలమంటుందట. చప్పుడేమీ లేదు. కార్బొరేటరు అడుగున గిన్నె పెట్రోలుతో నిండగానే ఆ ఫ్లోటు పైకి తేలి, ఒక చిన్న సూదిని రంధ్రంలోకి నొక్కి పెట్రోలు ఆపాలి. ఆ సూది మొన అరిగినట్టుందని కొత్తది వేశాడు. బండి బాగైంది.

శనివారానికల్లా మళ్లీ కారింది. మళ్లీ బాగుచేశాడు. ఇంకో శనివారం మళ్లీ అదే. "నువ్వేమన్నా విప్పుతున్నావా?" అని అతనడిగితే, "నేనెందుకు విప్పుతానురా" అన్నాడట మా ఆయన. పచ్చి అబద్ధం. ఈయన చేతులు ఊరుకోవు. శుక్రవారం నమాజు నుంచి రాగానే, చొక్కా అయినా మార్చుకోకుండా, ఆ గిన్నె స్క్రూలు నాలుగూ ఊడదీసి లోపలంతా తుడిచి బిగిస్తాడు. శుభ్రం చేస్తే మంచిదే కదా అనుకున్నాను నేను. నా తెలివీ అట్లాగే ఏడిసింది.

మూడోసారి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. షెడ్డు ఎదురుగా టీ కొట్టు, పదిమంది జనం. రాఘవమ్మగారు కూడా ఉన్నారు. ఆవిడ పెద్ద మిరప రైతు. మిరపకాయలు కుక్కిన టిక్కీలు, ఆ పెద్ద బస్తాలు, మిర్చి యార్డుకి తీసుకెళ్లే లారీ కోసం ఈ కాలంలో రోజూ ఆ వేళకి అక్కడే కూర్చుంటారు. కొత్తిల్లు కట్టుకుని మాకు ఆరు పరుపులు చెప్పారు. ఈ ఏడాదికి మాకు పెద్ద పని అదే.

అమానుల్లా సూది బయటికి తీసి, రంధ్రంలోకి చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. వేలితో ఏదో తీసి నలిపాడు. మా ఆయనకి ఓపికెక్కడిది, అందరి ముందూ అందుకున్నాడు. "పని రాదని చెప్పరాదా? డూప్లికేటు సూదులు వేసి నన్ను తిప్పుకుంటున్నావు. ఇతనికి బళ్లు ఇవ్వకండయ్యా" అన్నాడు. నేను చెయ్యి పట్టుకుని లాగినా ఆగలేదు. అమానుల్లా రాఘవమ్మగారి వైపు ఒకసారి చూసి, "నాదే పొరపాటులే బుడే, సూది సరిగా కూర్చోలేదు" అని బిగించి ఇచ్చేశాడు.

వారం తిరక్కుండానే అతని షెడ్డు ముందు బళ్లు తగ్గిపోయాయి. అతని భార్య ఉజ్మా బజార్లో నన్ను చూసి మొహం తిప్పుకుంది. నాకు అన్నం సయించలేదు. ఈయన మాత్రం "ఉన్నమాటే అన్నాను" అంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు.

శుక్రవారం వచ్చింది. మళ్లీ కార్బొరేటరు దించి గిన్నె ఊడదీశాడు, సూదీ బయటికి తీశాడు. రాఘవమ్మగారికి మూడు పరుపులు ఇచ్చేశాం, మిగిలినవి నేను పక్కన కూర్చుని కుడుతున్నాను. చూద్దును కదా, గుప్పెడు దూది తెచ్చి, పుల్లకి చుట్టి, ఆ సూది రంధ్రంలో పెట్టి తిప్పుతున్నాడు. కార్బొరేటరు లాక్కుని ఎండకి పట్టాను. ముప్పై ఏళ్లుగా నూగు ఏరుతున్న కళ్లు నావి. రంధ్రం అంచున ఒక్క పోగు, వెంట్రుకలో సగం లేదు. అది అడ్డుంటే సూది మూసుకోదు, పెట్రోలు ఆగదు.

"ఏవయ్యా, ఇది మన దూదే. ఆ రోజు అమానుల్లా తీసి నలిపిందీ ఇదే."

"మరి చెప్పలేదేం?" అన్నాడు.

"రాఘవమ్మగారు అక్కడే ఉంటే ఎట్లా చెబుతాడు? పరుపుల దూదితోనే నువ్వు పెట్రోలు తుడుస్తున్నావంటే ఆవిడ పరుపులు ముట్టుకుంటుందా?"

మా ఆయన ఆ పుల్ల అవతల పారేశాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి పోగు ఊడగొట్టాడు. సూది పెట్టి, కార్బొరేటరు తలకిందులుగా పట్టుకుని పెట్రోలు లోపలికొచ్చే గొట్టంలో నోటితో ఊదాడు, గాలి దూరలేదు, సూది గట్టిగా మూసుకుంది. బిగించి ట్యాప్ తిప్పితే ఒక్క చుక్క కారలేదు. వెంటనే బండెక్కాడు. దారిలో మనసు మార్చుకుంటాడేమోనని నేనూ వెనకెక్కాను.

టీ కొట్టు దగ్గర రాఘవమ్మగారున్నారు. ఆవిడుంటుందని తెలిసే వచ్చాడు. "అమానుల్లా పనిలో తప్పులేదండి. నేనే దూదితో తుడిచి పాడుచేశాను. నా పని పోకూడదని అతను తన మీద వేసుకున్నాడు" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు.

రాఘవమ్మగారు లేచి నిలబడ్డారు. "పెట్రోలు తుడిచిన చేత్తోనే నా పరుపులు కుట్టారా? మిగతావి పంపకు బుడే."

అమానుల్లాకి కోపం రావడం అప్పుడు చూశాను. "ఒరేయ్, నేను నోరు మూసుకుంది ఇందుకా? నా పేరు నేను తెచ్చుకోలేనా? ఇప్పుడు మీరేం తింటారురా?"

"ఏదో ఒకటి తింటాం. నిన్ను దొంగని చేసి తిన్నది అరగట్లేదు" అన్నాడు మా ఆయన.

మిగిలిన మూడు పరుపులూ ఇంట్లోనే ఉండిపోయాయి. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. సాయంత్రం ఉజ్మా వచ్చింది. "అక్కా, మీ మరిదికి నడుం నొప్పి. ఒక పరుపియ్యి" అంది. వాటిల్లో ఒకటి చూపించాను. చుట్టి నెత్తిన పెట్టుకుని వెళ్లింది. వాసన చూడలేదు.