పాస్టరు ఏబేలు రాయి

మార్కాపురం పక్కన ఆ పల్లెలో పాస్టర్లు ఇద్దరుండేవారు. ఒకాయన తెల్లకోటు వేసుకునే సుందరరాజు అయ్యగారు. ఆయన గుమ్మం పక్కన 'పాస్టరు సుందరరాజు' అని చెక్కిన నల్లపలక ఉండేది. రెండోవాడు ఏబేలు, రెడ్డిగారి జీవాలను జీతానికి మేపేవాడు. బతికున్నన్నాళ్లూ ఇద్దరికీ పేచీ లేదు. ఏబేలు పోయాకే వచ్చింది.

ఏబేలుకు పాస్టరు అనే పేరు పెట్టింది మిషను దొర. ఒక ఎండాకాలం దొర ఊరి బయట డేరా వేసుకుంటే ఏబేలు మేకపాలు పోసేవాడు. ఓ పొద్దున దొర నవ్వుతూ "అసలు పాస్టరువి నువ్వే" అన్నాడు. ఏబేలు హడలిపోయాడు. అప్పుడు దొర విడమరిచి చెప్పాడు. పాస్టరు అన్నది లాటిన్ అనే పాత భాషలో మేపడం అనే మాట నుంచి పుట్టింది. అర్థం, జీవాలను మేపేవాడని. స్పెయిన్‌లోనూ ఇటలీలోనూ గొర్రెలవాణ్ణి ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు. ఫ్రాన్సులో రూపు కొంచెం మారిందంతే. ఇంగ్లీషువాళ్లు మాత్రం గొర్రెలవాడికి వేరే మాట ఉంచుకుని దీన్ని గుడికి ఇచ్చేశారు. అయినా పచ్చికబీడును పాశ్చర్ అనడం మానలేదు.

ఏబేలు ఈ కబురు మోసుకొచ్చి పెళ్లాం మగ్దలీనమ్మ చెవిలో వేశాడు.

"ఎవరన్నా వింటే నవ్వుతారు, ఊరుకో" అంది ఆమె.

నవ్వారు కూడా. పాస్టరు ఏబేలూ అని ఊరంతా ఆటపట్టించింది. ఆ పిలుపు వినపడినప్పుడల్లా అతని వీపు నిటారుగా కావడం మగ్దలీనమ్మ చూసింది. పుట్టినప్పటి నుంచి 'ఒరే' తప్ప వినని మనిషి పొంగిపోడా మరి!

వానల్లో చలిజ్వరం వచ్చి పోయాడు. పలకల గనిలో కూలికెళ్లే మగ్దలీనమ్మ అక్కడ అంచు విరిగిన బండ ఒకటి అడిగి తెచ్చుకుంది. అయ్యగారి గుమ్మం పలక చెక్కిన బ్రహ్మమే దాని మీద 'పాస్టరు ఏబేలు' అని చెక్కాడు. సమాధి దగ్గర నిలబెట్టించింది.

సుందరరాజు మండిపడ్డాడు. "ఏంది మగ్దలీనమ్మా ఇది? నేను బైబిలు బళ్లో చదివి తెచ్చుకున్న పేరు, గొర్లు కాసినోనికి రాపిస్తావా? ఆ రాయి పీకిస్తా."

"పీకించు నాయనా. ముందు నన్ను గూడ ఆడనే పూడ్చి, ఆనక పీకించు."

ఆ రోజు నుంచి గనిలో పని అయిపోగానే వచ్చి రాయికి ఆనుకుని కూర్చునేది. ఆమెను లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి దొర ఊరికి వచ్చినప్పుడు తగవు ఆయన ముందుకు పోయింది.

దొర ఇబ్బందిగా గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, ఆ మాట నిజమే. కాని నేను నవ్వులాటకు అన్నాను. సంఘానికి ఒక క్రమం ఉన్నది. పాస్టరు తీసివేసి గొర్రెల కాపరి అని రాయించు. అర్థం ఒకటే కదా."

మగ్దలీనమ్మకు ఒళ్లు మండింది. ఒకటే అయితే తీయడం దేనికి?

"మీరు నవ్వులాటకు అన్నారు దొరా. ఆయన నవ్వులాటకు బతకలేదు. తోడేలు వస్తే మందకు అడ్డం నిలబడినాడు. అర్థం ఒకటే అంటిరి గదా, అట్లనే కానీండి. ముందు అయ్యగారి పలక మీద 'గొర్రెల కాపరి సుందరరాజు' అని రాపియ్యండి. ఆ పొద్దే నా రాయి మీద మాట నేనే చెరిపేస్తా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సుందరరాజు మొహం కందగడ్డ అయింది. రాయి జోలికి ఎవరూ పోలేదు.

ఆ ఆదివారం గుడిలో ప్రసంగం చేస్తూ సుందరరాజు అలవాటు కొద్దీ "నేను మీ కాపరిని" అన్నాడు.

ఆడవాళ్ల చాప మీద నుంచి మగ్దలీనమ్మ లేచి నిలబడింది.

"అట్లయితే పలక ఎప్పుడు మారుస్తావు నాయనా?"