కుంటి నక్క, అయిదో ఫారం

సూదక్క ఎడమ చెయ్యి పుస్తకాన్ని సరిగ్గా మడత దగ్గర తెరిచి పట్టుకుని ఉంది. కుడి చేతిలో సగం విరిచిన బ్లేడు. మడతలో కనిపిస్తున్న దారాన్ని ఒక్కో కుట్టు దగ్గర తెంపుతోంది, తెగిన ముక్కను గోటితో పైకి లాగుతోంది. కాగితం చిరగకూడదు. దారం ఎన్ని ముక్కలైనా ఫరవాలేదు.

ఆ కుట్టు ఆమె వేసిందే, తొమ్మిదేళ్ళ కిందట. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడిస్తే ఒక ఫారం. అలాంటివి పన్నెండు కలిపి కుడితే 'కుంటి నక్క కేసు' అయింది. ఇంకో పన్నెండు కలిపితే 'ట్యాంకులో ఉన్నది' అయింది. ఆ రెండోది ఇంకా విప్పలేదు, బల్ల చివర ఉంది.

ఈ రెండూ ఆమె తమ్ముడి పుస్తకాలు. తమ్ముడు పోయి నాలుగు నెలలైంది.

అతను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునేవాడు. ఊళ్ళో ప్రతి కుక్కా అతన్ని ఒకసారైనా తరిమింది. అయినా జంతువులున్న కథలే చదివేవాడు. అవీ మామూలువి కావు. హత్య కేసు పట్టుకునే నక్కలు, నీళ్ళ ట్యాంకు మూత కింద కాపురముండే ఆకారాలు, శవపరీక్ష చేసి ఆధారాలన్నీ నమిలి మింగేసే మేక. పెద్ద కంపెనీలు వెయ్యవు అలాంటివి. ఎవరో ఒకరు సొంత డబ్బుతో రెండు వందల కాపీలు వేసుకుంటారు. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ అయిపోగానే అక్క దుకాణానికి వచ్చి, కాగితం కట్టల మీద కూర్చుని, పైకి చదివేవాడు. ఆమె కుట్టుకుంటూ వినేది. ఆమె సొంతంగా ఒక్క పుస్తకం కూడా చదవలేదు. అంకెలు చూస్తుంది, మడతలు చూస్తుంది. అక్షరాల జోలికి వెళ్తే చెయ్యి ఆగిపోతుందని ఆమె నమ్మకం.

ఇప్పుడు మూడు కావొస్తోంది. కట్టల మీద ఎవరూ లేరు. ఆమెకు అది బాధగా ఏమీ అనిపించలేదు. పన్ను పీకించుకున్న రోజు చెంప ఎలా ఉంటుందో, నాలుగు నెలలుగా ఒళ్ళంతా అలాగే ఉంది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, అంతే. ఏడుపు వస్తుందని బంధువులు ఎదురుచూశారు. ఆమె కూడా చూసింది. రాలేదు. పదకొండో రోజు దుకాణం తెరిచి, ఆగిపోయిన రిజిస్టర్లకు అట్టలు వేసింది.

పొద్దున కాంపౌండరు గారు వచ్చారు. ఆయన పశువుల ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఈ రెండు పుస్తకాలూ రాసింది ఆయనే.

"నీ ముందు అడగడానికి నోరు రావడం లేదమ్మా" అన్నారు చెప్పులు విప్పకుండానే.

"వచ్చినంత వరకు చెప్పండి."

"ఎవరో అమ్మాయి, చిన్న ప్రెస్సు పెట్టుకుందట. రెండూ మళ్ళీ వేస్తానంటోంది, చెరో అయిదొందలు. నా కంప్యూటరు చచ్చిపోయింది. కాపీలన్నీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచేశాను. శుభ్రంగా ఉన్నవి మీ తమ్ముడి దగ్గరే ఉండాలి."

"ఉన్నాయి."

"విప్పి ఇవ్వాలట. ఒక్కో కాగితం పరిచి స్కాన్ తీస్తారట. మళ్ళీ తెచ్చిస్తాను, నా పూచీ."

"నాలుగింటికి రండి" అంది సూదక్క, ఏ రసీదు బుక్కుల పార్టీకో చెప్పినట్టు.

ఇంటికెళ్ళి అలమరలోంచి రెండూ తెచ్చింది. నక్క పుస్తకం అట్ట లోపల పెన్సిలుతో నాలుగు మీటర్ల రీడింగులున్నాయి. రిజిస్టరు మర్చిపోయిన రోజు రాసుకుని ఉంటాడు. నాలుగో ఇంటి పక్కన 'గేటు వేసే ఉంచాలి' అని ఉంది. ఆమె ఆ అట్టను జాగ్రత్తగా ఊడదీసి, బరువు కింద పెట్టింది. తర్వాత బ్లేడు తీసుకుంది.

పన్నెండు ఫారాలూ విడిపోయాయి. వాటిని వరసగా బల్ల మీద పరిచింది. పరిచాక ఆమె చెయ్యి ఆగింది.

పుస్తకం మూసి ఉన్నప్పుడు అంచులన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి, ఎండకీ దుమ్ముకీ అన్నీ సమానంగా మాగుతాయి కాబట్టి. మడత లోపల మాత్రం వెలుతురు తగలదు. అక్కడ కాగితం ప్రెస్సులోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పదకొండు ఫారాల మడతలు తెల్లగా ఉన్నాయి. అయిదోది లేత పసుపు.

ఆమె రెండో పుస్తకం అందుకుంది. ఈసారి పైనుంచి వరసగా విప్పలేదు. తిన్నగా అయిదో ఫారం దగ్గర తెరిచి చూసింది. చుట్టూ పసుపు మడతలు. మధ్యలో అదొక్కటే తెలుపు.

కుర్చీలో కూర్చుంది. చాలాసేపు రెండు మడతలనూ చూసింది. తప్పు ఎలా జరిగిందో ఆమెకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది.

రెండు పుస్తకాల కాగితాలూ ఒకే రోజు, ఒకే తాడుతో కట్టి వచ్చాయి. ట్యాంకుది ఒక ఛాయ పసుపు కాగితం, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. మామూలుగా ప్రతి ఫారం కింది అంచున పుస్తకం పేరు పొట్టిగా, పక్కన ఫారం నంబరు వేస్తారు. ఆ ప్రెస్సు వాడు పేరు ఎగరేసి నంబరు మాత్రం వేశాడు. ఆమె రెండు పొడుగు బల్లలు మధ్యలో దారి వదిలి వేసి, ఒకదాని మీద నక్కను, రెండోదాని మీద ట్యాంకును గుట్టలుగా పేర్చింది. గుట్టల పక్కన నడుస్తూ ఒక్కో ఫారం ఏరుకుంటూ పోవడం ఆమె పద్ధతి. అయిదో ఫారాలు రెండూ చివరికి మిగిలాయి, మడిచి పెట్టాలి. అప్పుడు తమ్ముడు ఇంకేదో పుస్తకంలోంచి శవపరీక్ష మేక గొంతుతో చదువుతున్నాడు.

"'అయ్యా జడ్జీగారూ, ఆధారం నా దగ్గరే ఉంది. కాకపోతే రేపు పొద్దున దాకా ఓపిక పట్టాలి' అంది మేక."

ఆమె నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వి, బల్లల మధ్య ఇటు తిరగాల్సింది అటు తిరిగి, గుట్ట పెట్టింది. ఇటుది అటు, అటుది ఇటు. పేజీల అంకెలు చూసుకుంది కూడా. అరవై నాలుగు తర్వాత అరవై అయిదు. రెండింట్లోనూ సరిగ్గా కలిశాయి. రెండు వందల నక్కలు, రెండు వందల ట్యాంకులు అలాగే కుట్టేసి పంపింది.

ముప్పయ్యొక్క ఏళ్ళ పనిలో ఒక్క ఫారం అటూ ఇటూ కాలేదని ఆమె చెప్పుకునేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్క మాట మాత్రం చెప్పుకునేది.

టైము మూడుంపావు. నాలుగింటికి ఆయన వస్తారు. మార్చి పెట్టేస్తే ఎవరికీ తెలియదు, అరనిమిషం పని. అయినా ఆమె మార్చలేదు. మొదటిసారిగా అక్షరాలు చదవడం మొదలుపెట్టింది, ఒక్కో మాట దగ్గర వేలు ఆనించి.

నక్క పుస్తకం, అరవై నాలుగో పేజీ అడుగున ఇలా ఉంది: 'కుంటి నక్క తలుపు తోసింది. లోపల'

ఎదుటి పేజీలో, అరవై అయిదు మొదట్లో: 'నీళ్ళు తప్ప ఏమీ లేవు. నీళ్ళలోంచి ఒక గొంతు, కాళ్ళు తుడుచుకుని రా, అంది.'

ఈ ముక్క ఆమెకు తెలుసు. తమ్ముడు ఇది ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఆసుపత్రిలో నర్సుకి కూడా చదివి వినిపించాడు. నక్క పదహారు పేజీలు మాయమవుతుంది, దాని బదులు ట్యాంకులోది మాట్లాడుతుంది. ఆ పదహారు పేజీల తర్వాత నక్క తిరిగొచ్చి, కోళ్ళను ఎత్తుకుపోయింది కాపలా కుక్కేనని చెప్పేస్తుంది. దానికి ఎలా తెలిసింది? నక్క పుస్తకంలో ఎక్కడా ఉండదు. ట్యాంకు పుస్తకంలో, అదే అరవై అయిదో పేజీ దగ్గర, నక్క ఊడిపడి కుక్క గిన్నె కింద ఈకలు చూస్తుంది.

"అర్థమైందా అక్కా?" అనేవాడు తమ్ముడు. "నక్క ఆ పుస్తకంలోకి వెళ్ళి ఆధారం తెచ్చుకుంది. అది లేనప్పుడు కేసు పాడవకుండా ట్యాంకులోది వచ్చి ఇక్కడ కూర్చుంది. డ్యూటీ మార్చుకున్నారు. మా ఆఫీసులో మేం మార్చుకోమూ, అలాగ. ఇట్లాంటి తిక్క ఇంకెవరికైనా తడుతుందా చెప్పు?"

"కాంపౌండరు గారికి మతి చలించింది."

"మతి చలించినవాళ్ళే రాయాలే."

ఇప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని ఆమె పట్టించుకోలేదు. పుస్తకాలు కొత్తగా వచ్చినప్పుడు, మొదటిసారి ఆ చోటుకి రాగానే అతను చదవడం ఆపేశాడు. వెనక్కి తిప్పాడు. రెండో పుస్తకం తీశాడు. దాన్నీ తిప్పాడు.

"అక్కా, ఈ రెండూ ఒకే రోజు కుట్టావా?"

"ఒకే రోజు. ఏం?"

అతను రెండు పుస్తకాలూ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటోంది.

"ఏం లేదు" అన్నాడు. "భలే కుట్టావు." ఆ తర్వాత నక్కా, ట్యాంకులోదీ డ్యూటీ మార్చుకున్న సంగతి చెప్పాడు. ఆ సాయంత్రమే చెప్పాడు, తడుముకోకుండా.

అతనికి తెలుసు. తొమ్మిదేళ్ళు తెలిసే చదివాడు.

సూదక్క లేచి కుండలో నీళ్ళు తాగింది. గొంతులో దిగుతున్నట్టు తెలిసింది. అంతకుమించి ఏమీ జరగలేదు. మళ్ళీ కూర్చుని రెండో పుస్తకం కుట్లు తెంపింది.

కాంపౌండరు గారు పది నిమిషాలు ముందే వచ్చారు. బల్ల మీద రెండు వరసలు చూశారు. రెండింట్లోనూ అయిదో చోటు ఖాళీగా ఉంది. రెండు ఫారాలు విడిగా, మధ్యలో ఉన్నాయి.

"ఇవేంటి, మిగిలాయా?"

"తప్పు కుట్టాను" అంది ఆమె. "ఇది దాంట్లోది, అది దీంట్లోది. నాలుగు వందల కాపీలూ అంతే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఇది కొంచెం, అది కొంచెం. మూతి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"మీరు చూసుకోలేదా?" అంది సూదక్క. "మీరు రాసిందే కదా."

"అచ్చయ్యాక నేను చదవనమ్మా. కుట్లేసిన గేదెను మళ్ళీ విప్పి చూస్తామా?" అని, ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. "అందుకా! తొమ్మిదేళ్ళుగా ఎవరు కనిపించినా ఒకటే మాట. నక్క మాయమయ్యే చోట అదరగొట్టారండీ అని. అదేదో నాకు తెలియక, అవునండీ చాలా ఆలోచించి రాశానండీ అని తల ఊపేవాణ్ణి. మీ తమ్ముడైతే నడిరోడ్డు మీద చేతులు పట్టుకున్నాడు."

"ఏమన్నాడు?"

"అది మాత్రం తియ్యకండి, ఎప్పటికీ, అన్నాడు." ఆయన నవ్వు ఆగింది. ఆమె ముఖం చూశారు. అందులో ఏమీ కనిపించక, మళ్ళీ కాగితాలకేసి చూశారు. "అలాగే ఉంచేద్దాం అమ్మా. జనానికి నచ్చింది. వాడికి నచ్చింది. ఇప్పుడు సరిచేస్తే, వాడు చదివిన పుస్తకం ఇంక ఎక్కడా ఉండదు."

పావుగంటగా ఆమె ఆలోచిస్తున్నదీ అదే. ఆ మాట వేరేవాళ్ళ నోట్లోంచి వింటే తేలికవుతుందేమో అనుకుంది. కాలేదు.

"వాడు నన్ను కాచుకున్నాడు" అంది. "నా తప్పు నాకు తెలియకుండా. తెలిశాక కూడా అలాగే పంపితే, ఇంక అది నేను చేసే మోసం. ఒకసారి నవ్వుతూ చేశాను. చూస్తూ చూస్తూ ఇంకో వెయ్యి సార్లు చెయ్యలేను."

"మరి వాడి మాట?"

"మీరు కావాలంటే రాయండి. నక్క ట్యాంకు దగ్గరికి వెళ్ళిందనో, డ్యూటీ మార్చుకున్నారనో. రాసేది మీ పని. వరస నా పని."

ఆయనకు కాంపౌండరుగా ఉన్నప్పుడు డాక్టరు గారు చెయ్యి చాపితే కత్తెర ఇచ్చి పక్కకు తప్పుకునే అలవాటు. ఇప్పుడూ బల్ల దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు.

సూదక్క పసుపు మడత ఫారాన్ని ట్యాంకు వరసలో పెట్టింది. తెల్ల మడత ఫారాన్ని నక్క వరసలో పెట్టింది. ఒకటి నుంచి పన్నెండు దాకా వేలితో లెక్కపెట్టింది. ఈసారి అంకెలు మాత్రమే చూడలేదు. ప్రతి ఫారం చివరి మాటనీ, తర్వాతి ఫారం మొదటి మాటనీ పైకి చదివి కలుపుకుంది. నెమ్మదిగా, తడబడుతూ, కాగితం కట్టల వైపు చూడకుండా. నక్క అయిదో ఫారం దగ్గరికి వచ్చేసరికి, "'కుంటి నక్క తలుపు తోసింది. లోపల,' 'గిన్నె బోర్లించి ఉంది'" అని చదివింది. సరిపోయింది. తమ్ముడి మేక గొంతంత బాగా లేదు గానీ సరిపోయింది.

"స్కాన్ అయ్యాక ఇవి నాకు తిరిగి రావాలి" అంది.

"తెస్తానన్నాను కదమ్మా."

"వీటిని మాత్రం పాత వరసలోనే కుడతాను. వాడి కాపీలు వాడివి."

చిన్న చీటీ మీద 'అయిదో ఫారాలు ఇటుది అటు, అటుది ఇటు' అని రాసి, బరువు కింద ఉన్న పాత అట్టలో, మీటరు రీడింగుల పక్కన పెట్టింది. తర్వాత ఒక్కో పుస్తకానికి పైనా కిందా గట్టి అట్టముక్క వేసి, తాడు అడ్డంగా, నిలువుగా చుట్టి, ముడి పక్కకి వచ్చేలా బిగించింది. ముడి పేజీల మీద పడితే గుంట పడుతుంది. ఒక కట్ట మీద 'నక్క' అని రాసింది, రెండోదాని మీద 'ట్యాంకు' అని. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చేతులతో ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.