మేస్త్రికి వినపడని ఈల

ఆ షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన చెవి మేస్త్రి. కారు గేటు దాటి లోపలికి వస్తూ ఉండగానే, బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నవాడల్లా తల కూడా ఎత్తకుండా "బెల్టు వదులైంది, రెండో ప్లగ్గు కూడా చూడండి" అనేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో స్పానర్లు కింద పెట్టి నోళ్ళు మూసుకునేవాళ్ళు. కంప్యూటర్లు పెట్టి పరీక్షించే పెద్ద సర్వీసు సెంటర్లు చుట్టుపక్కల నాలుగు వెలిసినా ఓనరు నిమ్మకు నీరెత్తినట్టే ఉన్నాడు. "వాళ్ళకి మిషన్లున్నాయి, మాకు మా మేస్త్రి చెవులున్నాయి" అనేవాడు వచ్చినవాళ్ళతో.

యాభై ఎనిమిదో ఏడు వచ్చాక ఆ స్క్రూడ్రైవరు పిడి చెవి దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా జరిగి దవడ ఎముక మీదికి చేరింది. ఎవరూ గమనించలేదు. లోతైన మోతలు, గుడగుడలు ఎముక గుండా బాగానే తెలిసేవి. సన్నని చప్పుళ్ళే ఎటో పోయాయి. ఇంట్లో కుక్కరు మూడు కూతలు కూసినా ఆయన పేపరులోంచి తల ఎత్తేవాడు కాదు. ఏదో ఆలోచనలో ఉండి వినలేదులే అని తనకి తాను నచ్చజెప్పుకునేవాడు.

ఇళ్ళకి వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చే నర్సమ్మ ఒకావిడ ఆ షెడ్డుకి పాత కస్టమరు. చిన్న తెల్ల కారు. రోజుకి పది పన్నెండు ఇళ్ళు తిరుగుతుంది. ఆ కారు ముందు చక్రాలకి బ్రేక్ ప్యాడ్లు మేస్త్రే స్వయంగా మార్చాడు. మూడో నెలలో ఆవిడ మళ్ళీ వచ్చింది.

"బ్రేక్ వేస్తే ఈల వినపడుతోంది మేస్త్రి గారూ. సన్నగా, ఎడమ పక్క నుంచి."

ఒక చుట్టు తిరిగొద్దాం రమ్మని మేస్త్రి స్టీరింగు పట్టాడు. ఆవిడ పక్కన కూర్చుంది. మలుపు దగ్గర బ్రేక్ తొక్కాడు.

"అదిగో, ఇప్పుడు" అంది ఆవిడ.

ఆయనకి టైర్ల గరగర తప్ప ఏమీ తెలియలేదు. ఇంకోసారి తొక్కాడు.

"అదిగో. వినపడట్లేదా మీకు?"

ఆ ఈల ఏమిటో ఆయనకి తెలుసు. ప్యాడ్ అరిగిపోగానే డిస్కుకి రాసుకుని కూయడానికే దానికో చిన్న రేకు పెడతారు. షెడ్డులో పనికి చేరిన ప్రతివాడికీ ఆయనే నేర్పిన పాఠం అది. చక్రం విప్పితే పది నిమిషాల్లో తేలిపోతుంది. కానీ విప్పితే, తనకి వినపడనిది ఆవిడకి వినపడిందని ఒప్పుకున్నట్టే కదా.

తిరిగొచ్చి కారు దిగేసరికి ఓనరు, షెడ్డులో కార్లకి రంగులేసే పెయింటరు, నలుగురు కస్టమర్లు ఇటే చూస్తున్నారు.

"కారులో ఏం లేదమ్మా. మీరే ఒకసారి చెవులు చూపించుకోండి" అన్నాడు మేస్త్రి.

అందరూ నవ్వారు. చెవి మేస్త్రి చెవుల మాట ఎత్తితే నవ్వక ఏం చేస్తారు. నర్సమ్మ మొహం కందిపోయింది. కారెక్కి వెళ్ళిపోయింది.

రెండు వారాలు పోయాక మళ్ళీ వచ్చింది, మొహమాటపడుతూనే. ఈసారి ఆవిడ దిగకముందే మేస్త్రి "మళ్ళీ ఈలేనా అమ్మా?" అన్నాడు. జాకీ తీయలేదు, చక్రం వైపు వంగనైనా వంగలేదు. దుమ్ము పట్టుంటుంది, నడపగా నడపగా అదే పోతుందని చెప్పి పంపేశాడు. నిజంగానే కొన్నాళ్ళకి ఈల పోయి దాని చోట ఇనుము గీకుతున్న మోత మొదలైంది. అప్పుడు మాత్రం ఆవిడ రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

ఆసుపత్రి వెనక వాలు రోడ్డులో దిగుతూ బ్రేక్ తొక్కితే కారు ఆగలేదు, పక్కకి లాగేసి ప్రహరీ గోడకి కొట్టుకుంది. అదృష్టం బాగుండి ఎదురుగా ఎవరూ లేరు. లైటు పగిలింది, బంపరు ఊడింది, నర్సమ్మ మణికట్టు బెణికింది. తెల్ల కారుని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు.

చక్రం విప్పింది పెయింటరు. "మేస్త్రీ, ఇటు రా" అన్నాడు. లోపలి వైపు ప్యాడ్‌కి పిసరంత పూత కూడా మిగల్లేదు. ఉత్త ఇనుము. డిస్కు నిండా చాళ్ళు తీసినట్టు గీతలు. ప్యాడ్లని పట్టి ఉంచే దిమ్మ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ప్యాడ్లు మార్చిన రోజే ఆ పిన్ను తీసి, తుడిచి, గ్రీజు పెట్టాలి. ఆ రోజు భోజనం వేళ దాటిపోతోందని ఆయన పెట్టలేదు.

నర్సమ్మ కాగితం మీద ఫిర్యాదు రాసి పంపింది. ఓనరు దానికి జవాబు తయారుచేసి మేస్త్రిని గదిలోకి పిలిచాడు. కారు నడిపే మనిషి బ్రేక్ మీద కాలు ఉంచి నడపడం వల్లే ప్యాడ్లు అరిగాయనీ, అనుభవమున్న మేస్త్రి స్వయంగా నడిపి చూసినా ఏ శబ్దమూ వినలేదనీ అందులో ఉంది.

"నువ్వు వినలేదుగా?" అన్నాడు ఓనరు.

"లేదు."

"మరింకేం, సంతకం పెట్టు."

విననిది నిజమే. పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. బయటికొచ్చేసరికి గుమ్మం పక్కన పెయింటరు నిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు.

మేస్త్రికి ఆ పూట పని సాగలేదు. మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. కుర్చీలో కూలబడి ఉంటే భార్య వంటింట్లోంచి వచ్చి, సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, "ఏమైందండీ, ఇంత పెందరాళే వచ్చారు?" అని అడిగింది. ఆవిడ ఈ మధ్య ఎప్పుడు మాట్లాడినా ఇలా ఎదురుగా వచ్చే మాట్లాడుతోందని ఆయనకి అప్పుడు తట్టింది.

"నాకు చెవులు సరిగా వినపడట్లేదా?"

"రెండేళ్ళు దాటింది."

"చెప్పొచ్చుగా నాకు."

"చెప్పాను. ఒకసారి మీకు వినపడలేదు, ఇంకోసారి కోప్పడ్డారు. తర్వాత ఊరుకున్నాను."

ఆయన జరిగిందంతా చెప్పాడు. పిన్ను సంగతి, సంతకం సంగతి కూడా దాచలేదు. అంతా విని ఆవిడ, "ఆవిణ్ణి మీరు చెవులు చూపించుకోమన్నారా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు తలుపు తెరుచుకోగానే చెదిరిపోయాయి. ఆవిడ చేతికి కట్టుంది. లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదే అమ్మా. పిన్నుకి గ్రీజు పెట్టలేదు. తప్పు మీదేనని ఓనరు రాసిన కాగితం మీద సంతకం కూడా పెట్టాను. ఆ ఈల నాకు వినపడలేదు. నాకు అసలు చెవులే…" అని ఆగిపోయాడు.

"మీకు వినపడదని ఆ రోజే తెలుసా?"

తెలియదనడానికి నోరు తెరిచాడు. "అనుమానం ఉండేది" అన్నాడు.

నర్సమ్మ తలుపు మీంచి చెయ్యి తీయలేదు. "నేను నిజంగానే చూపించుకున్నాను, తెలుసా? ఇంత పెద్ద మేస్త్రి అన్నాడంటే నాకే ఏదో అయ్యుంటుందని భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మీ చెవులకేం, శుభ్రంగా ఉన్నాయన్నాడాయన. అయినా ఆ ఈల వచ్చినప్పుడల్లా నా భ్రమేమో అనుకుంటూ నడిపాను."

కొరడాతో కొట్టినా మేస్త్రికి అంత తగిలేది కాదు. కాళ్ళు పట్టుకుందామా అనిపించింది గానీ, ఆవిడ నిలబడ్డ తీరు చూసి ఆ ధైర్యమూ చాలలేదు.

"నాకు చెప్పి ఏం లాభం?" అంది ఆవిడ. "ఆ కాగితం మీద సంతకం మీదేగా." తలుపు వేసుకుంది.

అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళాడు. తెల్ల కాగితం తీసుకుని, తప్పు తనదేనని తన చేత్తోనే రాసి ఓనరు ముందు పెట్టాడు. ఓనరు అది చదివి తలుపు దగ్గరికి వేశాడు. "మతి పోయిందా నీకు? చెవి మేస్త్రికి చెవుడని బయట తెలిస్తే ఈ షెడ్డుకి ఎవడొస్తాడు? నోరు మూసుకుని పని చూసుకో."

మేస్త్రి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. కార్ల దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. "నర్సమ్మ కారు పాడుచేసింది నేనే. నాకు చెవులు వినపడవు. ఆవిడ చెప్పింది నిజం" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడో ఆయనకి తెలియదు. రోడ్డు మీద వెళ్తున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

ఓనరు వారం రోజులు మాట్లాడలేదు గానీ కారంతా బాగుచేయించాడు. ఫిర్యాదు తప్పని రాసిన ఆ జవాబు వెళ్ళలేదు, మేస్త్రి రాసిన కాగితమే వెళ్ళింది. కారు తీసుకెళ్ళడానికి నర్సమ్మ తమ్ముడు వచ్చాడు. ఆవిడ మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు.

మేస్త్రి చెవికి ఇప్పుడు మిషను ఉంది. షెడ్డు రొదలో అది అన్ని చప్పుళ్ళనీ ఒకే ముద్దలా వినిపిస్తుంది. అందుకే బండి నడిపి చూడాల్సి వస్తే పెయింటరుని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమైనా వినపడుతోందా?" అని అడుగుతాడు. మొదట్లో ఆ మాట అడగడానికి ప్రాణం పోయినట్టుండేది, ఇప్పుడు అలవాటైంది. పాత కస్టమర్లు కొందరు వేరే చోటికి మారిపోయారు, కొందరు ఉన్నారు.

ఆసుపత్రికి దారి ఆ షెడ్డు ముందు నుంచే. తెల్ల కారు దూరాన కనపడితే చాలు, పని ఉన్నా లేకపోయినా మేస్త్రి దగ్గర్లో ఉన్న ఏదో ఒక బండి కిందికి దూరతాడు. అది దాటిపోయిందని పెయింటరు కాలితో తట్టి చెప్పేదాకా బయటికి రాడు.