తోడల్లుడి ఆరు పంక్తులు

బడి గంట మోగగానే, ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ జేబులోంచి గడియారం తీసి చూస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే. "అర నిమిషం ఆలస్యం," అని గొణిగి, మళ్ళీ అక్షరాలు ఏరుకుంటాడు. గంట కొట్టేది ఆయన తోడల్లుడు.

సముద్రం దాటి వచ్చిన ముగ్గురు ఫాదర్లు ఒక ధాన్యపు కొట్టులో, పదకొండు మంది మగపిల్లలతో ఆ బడి పెట్టారు. రెండో ఏడు అచ్చు యంత్రం తెప్పించారు. ఇప్పుడు నూరేళ్ళు నిండాయి. పెద్ద ఫాదర్ బడి చరిత్ర రాశారు. దాన్ని సీసపు అక్షరాలతో పేర్చవలసింది కంపోజిటరే.

నలభై ఒకటో పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. వరద వచ్చిన ఏడు తోడల్లుడు నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఆపకుండా గంట కొట్టి, హాస్టలు పిల్లలందరినీ మేడ మీదికి చేర్చాడట. ఆరు పంక్తులు. ఆ రోజే అక్షరాల పెట్టెలన్నీ వీపు మీద మేడెక్కించింది కంపోజిటర్. ఆ మాటే లేదు. "బడికి సొంత అచ్చు యంత్రం కూడా ఉండేది" అని ఉంది. కూడా!

పేర్చాడు. ఫాదర్ ప్రూఫు చూసి సంతకం పెట్టారు. సంతకమయ్యాక ఆ పేజీని ఇంకెవరూ చూడరు. సాయంత్రం కంపోజిటర్ ఆ ఆరు పంక్తులూ ఊడదీసి సొరుగులో పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి తోడల్లుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా, నా సంగతి పేర్చావా? నీ చెయ్యి పడిందంటే రాతి మీద చెక్కినట్టే!"

"ఇంకా అచ్చవలేదు. ఏం తొందర?"

"ఇందాక ఫాదర్‌ని అడిగాను, మా అన్నయ్య అక్షరాలు మోశాడు కదా, రాయలేదేమని. 'అయ్యో, మరిచాను, నాలుగు మాటలు ఆయన్నే చేర్చుకోమను' అన్నారు. చోటు చాలకపోతే నావి రెండు పంక్తులు తీసెయ్. పిల్లలైతే అరిచారు, అక్షరాలు అరవలేదు. అందుకే ఎవరికీ గుర్తులేదు!"

కంపోజిటర్ నవ్వలేదు. తోడల్లుడు వెళ్ళాక భార్య అంది: "చూశారా మా మరిది మనసు! మీరేమో ఆయన మీద కళ్ళలో నిప్పులు పోసుకుంటారు."

"దానమిస్తున్నాడే నాకు! వాడి దాంట్లోంచి రెండు!"

అన్నం సగంలో వదిలి లేచాడు.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సు తలుపు తీశాడు. తోడల్లుడి ఆరు పంక్తులూ ఉన్నచోట పెట్టాడు, ఒక్కటీ తగ్గించలేదు. తనవి ఏడు పేర్చి, వాటికి పైన బిగించాడు.