శుభ్రం చేసిన గొంతు

తొర్రూరు అవతలి తండాలో కంప్యూటర్ డిగ్రీ చదివిన మొదటి పిల్ల రజిత. జనగామ కాలేజీలో మూడేళ్లు చదివింది. అక్కడ ఏం నేర్పుతారని ఎవరడిగినా ఆమె దాది, అంటే నాయనమ్మ సోమ్లీ, అందరికంటే ముందు అందుకునేది. "మిషన్‌కు బుద్ధి నేర్పుతరంట. మా ముసలోనికి నేను నేర్పలేకపోయిన, గిది మిషన్‌కు నేర్పుతది!" ఆ ముసలోడు, రజిత దాదా, అంటే తాత వాల్యా, బోసినోటితో నవ్వేవాడు. ఇంట్లో వాళ్లది తండా భాషే, మన కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

రజితకు చదువు నిజంగానే వంటబట్టింది. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకోవడం, తప్పెక్కడుందో ఓపికగా వెతకడం వచ్చాయి. నలుగురిలో నోరు విప్పాలంటే వణికిపోయే పిల్ల, చివరి ఏడాది క్లాసు ముందు నిలబడి, తెలుగు రాని తండా ముసలివాళ్ల మాటను దవాఖానలో డాక్టరుకు తెలుగులో వినిపించే ప్రోగ్రామ్ చేస్తానని చెప్పింది.

దానికి గొంతు కావాలి. దసరా సెలవుల్లో సోమ్లీని మంచం మీద కూర్చోబెట్టి, ముందు ఫోన్ పెట్టి, ఒక్కో మాటే పలికించింది. పాణి అంటే నీళ్లు. బాటి అంటే రొట్టె. ఘర్ అంటే ఇల్లు. ముసలామె రెండు మాటలు అనేలోపే వాల్యా ఊడిపడేవాడు, చుట్ట ఏదనో, మేక తాడు తెంపుకుందనో. ఇక ఆమెను పట్టేవారెవరు? తిట్టి, నవ్వి, దగ్గి, మళ్లీ తిట్టేది. "దాదీ, జర ఊకో!" అని రజిత మొత్తుకునేది.

పనికొచ్చే మాట ఉంచి మిగతా చప్పుడంతా తీసేయాలని సార్లు నేర్పారు. రజిత అలాగే కత్తిరించింది. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ చోటు చాలక అసలు రికార్డింగులు చెరిపేసింది. ఇంత శుభ్రంగా ఎవరూ చేయలేదని సార్లు మెచ్చుకుంటే ఆమె కాలు నేల మీద నిలవలేదు.

డిగ్రీ చేతికొచ్చిన కొద్ది రోజులకే సోమ్లీ కన్నుమూసింది.

కర్మలయ్యాక వాల్యా వచ్చి మనవరాలి పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, నీ డబ్బాల దాది మాట ఉన్నదంటివి గద. జర పెట్టు."

రజిత ల్యాప్‌టాప్ తెరిచి పెట్టింది. పాణి. బాటి. ఘర్. సోమ్లీ గొంతే, పక్కనే కూర్చుని చెప్పినంత స్పష్టంగా ఉంది. వాల్యా చెవి ఆనించి చివరిదాకా విన్నాడు.

"మంచిగున్నది. గిప్పుడు నన్ను తిట్టింది పెట్టు."

"గది లేదు దాదా. తీసేసిన."

"ఏంటికి?"

"గవి చదువుల పనికిరావని..."

ముసలాయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మెల్లగా అడిగాడు. "అంటే, నేను వచ్చిన కాడల్ల తీసేసినవా బిడ్డా?"

రజిత ఫోన్, ల్యాప్‌టాప్ అంతా గాలించింది. చెరిపేసిన వాటిని వెనక్కి రప్పించే ఉపాయాలూ కాలేజీలోనే నేర్చింది, అవన్నీ చేసి చూసింది. ఏదీ దొరకలేదు. బావురుమని ఏడ్చింది. వాల్యానే ఆమె తల నిమిరి, "ఉన్నదే మళ్ల పెట్టు" అన్నాడు.

పెట్టింది. ఒక్కో మాట అయిపోగానే అతను తలెత్తి చూస్తున్నాడు, ఇప్పుడు తిడుతుందేమోనని. మాటకూ మాటకూ నడుమ సోమ్లీ ఊపిరి కూడా లేదు.